అమావాస్య నాడు చుట్టిన రాగి

…అయినా ఆ రోజు జ్వరమని చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఒళ్ళు కొంచెం వెచ్చగానే ఉండింది. అబద్ధం చెప్పబోతున్నందుకు ఒళ్ళు వెచ్చబడిందో, ఒళ్ళు వెచ్చగా ఉంది కాబట్టి అబద్ధం అంత సులువుగా నోటికి వచ్చిందో వెంకటేశప్ప ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇరవై మూడు రోజులు చాలలేదు. మనిషి తనను తాను విచారించుకునేటప్పుడు జడ్జీ, వకీలు, ముద్దాయి ముగ్గురూ ఒకే గొంతుతో మాట్లాడతారు. అందుకే ఆ విచారణ ముగియదు.

ఇనుప వల అవతల, సిమెంటు గచ్చు మీద, బూడిదరంగు పూసిన ట్రాన్స్‌ఫార్మర్ నిలబడి ఉంది. దాని నెత్తి మీద పింగాణీ కొమ్ములు మూడు. ఒక కొమ్ముకు సన్నని తీగ కట్టారు. ఆ తీగ మీదుగా ఈ పరీక్షా కేంద్రం వాళ్ళు తయారు చేసిన పిడుగు లోపలికి పోతుంది. మొదట సగం బలంతో ఒక దెబ్బ, తరవాత పూర్తి బలంతో మూడు. ప్రతి దెబ్బకూ తెర మీద మెరిసే గీతను ఫోటో తీస్తారు. నాలుగు ఫోటోల్లోనూ గీత ఒకే వంపు తిరిగి ఉండాలి. ఎక్కడైనా చిన్న వంకర కనిపించిందంటే లోపల రాగికి చుట్టిన కాగితం ఎక్కడో చిల్లు పడిందని అర్థం.

మూడు దెబ్బలు అయ్యాయి. మూడూ సరిపోయాయి. నాలుగోది మిగిలి ఉంది.

సరిపోయిన మూడింటి వల్ల ధైర్యం రావలసింది. రాలేదు. రాగి పట్టీ తెగేది ఎప్పుడూ ఆఖరి చుట్టులోనే అని ఇరవై రెండేళ్ళ వైండింగ్ పనిలో అతనికి తెలుసు. ఈ లోపల ఒక వాక్యం నోట్లో తయారుగా ఉంది. ఎవరైనా తన వైపు తిరిగి ఏమైందని అడిగితే చెప్పడానికి. "పైభాగం నేను చుట్టింది కాదు సార్." అంతే. చిన్న వాక్యం, నిజమైన వాక్యం. ఇన్ని రోజులుగా దాన్ని నాలుక కింద పెట్టుకుని తిరుగుతున్నాడు. స్నానం చేస్తూ కూడా ఒకసారి పైకి అన్నాడు. భార్య సుశీల బయటి నుంచి ఎవరితో మాట్లాడుతున్నావని అడిగింది.

నిజమే, అతను చుట్టలేదు. ఉగాది ముందటి అమావాస్య నాడు అతను పనికి పోలేదు. బెంగుళూరు బళేపేట వెనక సందులోని వాళ్ళ ఇంట్లో తాత కాలంలో నాలుగు మగ్గాలు ఆడేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. మగ్గాలు పోయినా నియమం మిగిలింది. అమావాస్య నాడు పోగు ముట్టకూడదు. తల్లి చౌడమ్మకు రాగి పట్టీ అయినా పోగే, చుట్టే యంత్రం అయినా మగ్గమే. వెంకటేశప్ప ఈ సంగతి నమ్ముతాడని చెప్పలేం. నమ్మడని చెప్పడానికి కూడా అతనికి ఎప్పుడూ అవకాశం రాలేదు. ప్రతి అమావాస్యకూ ఏదో ఒక సాకు దొరికేది. ఫ్యాక్టరీ వైండింగ్ షాపులో అందరికీ తెలిసిన వేళాకోళం అది. "నెలకొకసారి వెంకటేశన్నకు జ్వరం, పంచాంగం చూసి వస్తాది" అనేవాళ్ళు.

ఈసారి మాత్రం సాకు చెప్పకూడని పని. భూటాన్‌లో ఒక లోయలో మన దేశం కట్టి ఇస్తున్న జలవిద్యుత్ కేంద్రానికి పోవలసిన ట్రాన్స్‌ఫార్మర్. వానలకు ముందే కొండదారి దాటాలి. దాటకపోతే దారి విరిగి పడుతుంది, ఇంకో ఏడాది ఆగాలి. ఆ రోజు అతను రాకపోతే పని ఆగుతుందని వర్క్స్ మేనేజరు శ్రీనివాసప్ప మిగిలిన పైభాగాన్ని మునిలక్ష్మితో చుట్టించాడు. కాగితం కత్తిరించే సెక్షన్‌లో ఎనిమిదేళ్ళుగా హెల్పరు ఆమె. చెయ్యి మంచిది, సర్టిఫికెట్ లేదు. విదేశానికి పోయే సరుకును సర్టిఫికెట్ లేనివాళ్ళు చుట్టకూడదు. ఉగాది సెలవు అయ్యాక వెంకటేశప్ప వచ్చేసరికి చుట్టడం అయిపోయింది. శ్రీనివాసప్ప కాగితం ముందు పెట్టి, అరవై నాలుగు డిస్కులూ నువ్వే చుట్టినట్టు సంతకం చెయ్యమన్నాడు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రాగిని చక్రాలుగా చుట్టుకుంటూ పోతారు. అలాంటి ఒక్కో చక్రాన్ని డిస్క్ అంటారు, అన్నీ కలిస్తే కాయిల్. వెంకటేశప్ప చుట్టింది నలభై నాలుగు. సంతకం పెట్టింది అరవై నాలుగుకు.

పరీక్షలో కాలిపోతే కాయిల్ విప్పుతారు. విప్పితే విచారణ. విచారణలో ఆ చిన్న వాక్యం. ఆ వాక్యంతో అతను ఒడ్డున పడతాడు, మునిలక్ష్మి ఉద్యోగం పోతుంది. ఇదంతా ముందే తెలిసి, ఆ వాక్యాన్ని రోజూ తుడిచి పదును పెట్టుకుంటూ వచ్చాడు.

గంట మోగింది. వల దగ్గర ఎర్రదీపం వెలిగింది.

పిడుగు పెద్దగా ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజానికి అది పెద్ద కొరడా చప్పుడంత. వినవలసింది ఆ చప్పుడును కాదు, దాని వెనక వచ్చే చప్పుడును. లోపల కాగితం చిల్లు పడితే నూనె తొట్టిలోంచి 'టప్' మని వస్తుంది, నేల మీద వేరుశనగకాయను కాలితో తొక్కినట్టు. వెంకటేశప్ప కళ్ళు మూసుకున్నాడు. కొరడా చప్పుడు అయింది. తరవాత ఏమీ రాలేదు. ఏమీ రాకపోవడం చాలాసేపు వినిపించింది.

ఫోటో ఆరడానికి నిమిషంపైన పట్టింది. పరీక్షా కేంద్రం ఇంజనీరు నాలుగు ఫోటోలనూ దీపం వెలుతురులో ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. భూటాన్ తరఫున వచ్చిన ఇంజనీరు చూశాడు. శ్రీనివాసప్ప చూడలేదు, వాళ్ళ మొహాలు చూశాడు. తరవాత ముగ్గురూ చేతులు కలిపారు.

వెంకటేశప్పకు మొట్టమొదట తెలిసింది ఆకలి. పొద్దున సుశీల పెట్టిన ఇడ్లీలు అలాగే వదిలేసి వచ్చాడు. ఇప్పుడు కడుపు ఎవరో పిలిచినట్టు పలికింది. తరవాత భుజాలు కిందికి దిగాయి. అవి ఇన్నాళ్ళూ పైకి బిగిసి ఉన్నాయని దిగినప్పుడే తెలిసింది. అతను బయటికి వచ్చాడు. ఎండ తీవ్రంగా లేదు. గోడ పక్కన గుల్‌మొహర్ పూలు రాలి ఉన్నాయి. ఒకతను ఆ పూలను చీపురుతో ఊడుస్తూ, ఊడ్చిన చోటే మళ్ళీ పడుతున్నాయని చెట్టును తిడుతున్నాడు. ఆ తిట్లు కూడా చెవికి హాయిగా ఉన్నాయి.

అప్పుడే నాలుక కింద చెయ్యి పెట్టి చూసుకున్నట్టు అతనికి ఆ వాక్యం తగిలింది. ఇక దాని అవసరం లేదు. ఉమ్మేయవచ్చు. అయితే అది ఉమ్మేసేటంత చిన్నదిగా ఇప్పుడు కనిపించలేదు. భయంలో ఉన్నంతకాలం అది ఆయుధం. భయం పోయాక చేతిలో ఉన్నది ఏమిటో స్పష్టంగా కనిపించింది. ఎనిమిదేళ్ళుగా తనను అన్నా అని పిలిచే మనిషి మీదికి ఎత్తి పట్టుకున్న కత్తి. ఆమెకు అది ఎప్పటికీ తెలియదు. తెలియకపోవడమే తనకు దక్కిన శిక్ష అనిపించింది. కాని ఆ అనిపించడంలో కూడా కొంత సుఖం ఉంది. శిక్ష అనుకోవడం వల్ల వచ్చే సుఖం ఎంత దొంగదో అతనికి తెలుసు.

క్యాంటీన్‌లో అతను అక్కడ ఉప్పిట్టు అని పిలిచే ఉప్మా రెండో ప్లేటు తింటుండగా భూటాన్ ఇంజనీరు టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పేరు ఉగ్యెన్. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. మన దేశంలోనే చదువుకున్నాడు. తక్కువ మాట్లాడతాడు. నెమ్మది ఇంగ్లీషులో మాట్లాడి, ఎదుటివాడికి అర్థం కాలేదేమోనని అదే మాటను హిందీలో కూడా చెప్తాడు. కాయిల్‌ను నూనె తొట్టిలో దించక ముందు ఒకసారి ఫ్యాక్టరీకి వచ్చి, మధ్యాహ్నమంతా దాని చుట్టూ తిరిగాడు. కొలబద్దకంటే వేలితోనే ఎక్కువ చూశాడు. ఆ రోజు షాపులో, కొండల మీంచి వచ్చిన ఆయప్ప దేవుడికి ప్రదక్షిణం చేస్తుండాడని నవ్వుకున్నారు.

ఆయన మొదట అభినందించాడు. తరవాత మామూలుగా, టీ బాగుందని చెప్పినంత మామూలుగా, మీ కాయిల్‌లో రెండు చేతులు ఉన్నాయి అన్నాడు.

వెంకటేశప్ప నములుతున్నది ఆపలేదు. ఆపితే ఒప్పుకున్నట్టవుతుందని తోచింది.

ఉగ్యెన్ చెప్పింది ఇది. వాళ్ళ ఊళ్ళో ప్రతి ఇంట్లో మగ్గం ఉంటుంది. నేసేది ఆడవాళ్ళు, నడుముకు పట్టీ కట్టుకుని, గోడకు తగిలించిన మగ్గం మీద. ఒక బట్టను తల్లి మొదలుపెట్టి కూతురు పూర్తి చేస్తే ఎక్కడ చెయ్యి మారిందో చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. తల్లి వదులుగా నేస్తుంది, కూతురు బిగిస్తుంది, లేదా తలకిందులుగా. ఇందులో తప్పేమీ లేదు. కాయిల్ మీద కాగితం చుట్టిన తీరులో తనకు అదే కనిపించింది. కింద ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి. నివేదికలో మాత్రం ఒక్కటే పేరు ఉంది.

"నలభై ఒకటో డిస్క్ నుంచి చెయ్యి మారింది" అన్నాడు.

వెంకటేశప్ప తల ఎత్తాడు. నలభై అయిదు అని ఉంటే అతను భయపడేవాడు. నలభై ఒకటి అనేసరికి భయం కంటే ముందు పనివాడి పట్టింపు లేచింది. నలభై ఒకటి, రెండు, మూడు, నాలుగు తను చుట్టినవే. అమావాస్య ముందురోజు సాయంత్రం, షిఫ్టు సైరను కూస్తుండగా నలభై నాలుగోది కట్టి, యంత్రం మీద గుడ్డ కప్పి ఇంటికి పోయాడు. ఈయన లెక్క తప్పాడు. లెక్క తప్పినవాడు మిగతాది కూడా తప్పే చెప్తుండవచ్చు.

అందుకని, ఆ ధైర్యంతో, చుట్టింది అంతా నేనే సార్, చెయ్యి అలిసిపోయి ఉంటుంది అని అబద్ధం ఆడాడు.

ఉగ్యెన్ అతని వైపు కొంతసేపు చూసి తల ఊపాడు. నమ్మినట్టు కాదు, విన్నట్టు. గ్లాసులో మిగిలిన టీని తిప్పుతూ ఈసారి హిందీలో మొదలుపెట్టాడు.

"మిషన్ అమ్మేది మీరే. దానికి డబ్బులిచ్చేది మీరే. అక్కడ మిగిలిన కరెంటు కొనుక్కునేదీ మీరే. ఇందులో నాకు బాధ లేదు. మీరు రోడ్డు వెయ్యకపోతే ఈ మిషన్ మా లోయకు చేరనే చేరదు. మా అమ్మ ఇన్నేళ్ళూ దీపం పొగలో నేసింది. వచ్చే చలికాలం బల్బు కింద నేస్తుంది. కాని ఊళ్ళో ఒకే అంగడి ఉన్నప్పుడు, కొనేవాడు సరుకును పదిసార్లు చూస్తాడు, ప్రశ్న ఒక్కసారే అడుగుతాడు. అంగడివాడికి కోపం రాకూడదు కదా."

ఆయన నవ్వాడు. వెంకటేశప్పకు నవ్వు రాలేదు. ఆ ఒక్క ప్రశ్న ఇప్పుడే అయిపోయిందని అర్థమైంది.

లేవబోతూ ఉగ్యెన్ ఇంకో సంగతి చెప్పాడు. ఒప్పందం ప్రకారం ఫ్యాక్టరీ నుంచి ఒక మనిషి నాలుగు నెలలు తమ లోయకు రావాలి. అక్కడ చిన్న రిపేరు షెడ్డు పెడుతున్నారు. దెబ్బతిన్న కాయిల్‌ను ప్రతిసారీ బెంగుళూరుకు మోసుకు రాలేరు. నేర్చుకోవడానికి ఎనిమిదిమందిని ఎంచారు, అందరూ నేతపని తెలిసిన ఆడపిల్లలు. పైభాగం చుట్టిన చెయ్యిని తీసుకుపోదామని తను అనుకున్నాడు. చెయ్యి ఒక్కటే అయితే, ఆ ఒక్క చెయ్యే రావాలి మరి. నాలుగు గంటలకు ఫ్యాక్టరీలో కాగితాలు పూర్తి చేద్దామన్నాడు.

కంపెనీ వ్యానులో తిరిగి పోతున్నంతసేపూ వెంకటేశప్ప డిస్కులు లెక్కపెట్టుకున్నాడు. పక్కన శ్రీనివాసప్ప పెద్ద గండం గడిచినవాడి హుషారులో ఉన్నాడు. దారిలో బండి ఆపించి అరటిపళ్ళు కొని అందరికీ పంచాడు. ఉగ్యెన్‌కు రెండు ఇచ్చాడు. ఆయన తన బస దగ్గర దిగిన తరవాత, చిన్న దేశం అయినా పెద్ద కళ్ళు అప్పా, ఇంకేదన్నా అడిగితే నాకు చెప్పు, నువ్వు జవాబు ఇవ్వకు అని వెంకటేశప్ప చెవిలో అన్నాడు. భూటాన్‌కు పోయేది నువ్వే, ఇంట్లో చెప్పుకో, స్వెటర్లు కొనుక్కో అని కూడా అన్నాడు. ఆ మాటకు సంతోషించాలని వెంకటేశప్ప ప్రయత్నించాడు. నలభై ఒకటి అడ్డం పడింది.

వైట్‌ఫీల్డ్ రోడ్డు మీది ఫ్యాక్టరీలో ఆ పూట కరెంటు కోత. వానలు సరిగా పడక రెండేళ్ళుగా ఇదే గొడవ. కొండల్లో దీపాలు వెలిగించే మిషను చేసేదానికి మనకే దీపం లేదప్పా అని గేటు దగ్గర వాచ్‌మన్ ప్రతిరోజూ అనే మాటను ఇవాళా అన్నాడు. కాగితం సెక్షన్‌లో కిటికీ వెలుతురులో మునిలక్ష్మి నేల మీద కూర్చుని, పెద్ద కాగితం చుట్టలోంచి సన్నని పట్టీలు కోస్తోంది. ముప్పై ఏళ్ళ మనిషి. వర్తూరు నుంచి బస్సులో వస్తుంది. ఆలస్యమైతే నడిచి కూడా వస్తుంది.

పాస్ అయిందని చెప్పాడు.

ఆమె కత్తెర పక్కన పెట్టింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తల వాటి మీద ఆనించింది. ఏడుస్తోందేమోనని అతను భయపడ్డాడు. తల ఎత్తినప్పుడు మొహం తేటగా ఉంది.

"ఇరవై మూడు దినాలన్నా" అంది. "నిద్రలో గూడా ఆ టప్పుమనే శబ్దమే. మీకు జెప్పేదానికి లేదు, ఇంట్లో జెప్పేదానికి లేదు."

అతనికి ఆశ్చర్యం వేసింది. తను లెక్కపెట్టిన రోజులనే ఈమె కూడా లెక్కపెట్టింది. భయపడేది తానొక్కడే అనుకోవడం కూడా ఒక రకం అహంకారం కాబోలు.

"నీకేం భయం? పైభాగం బాగానే చుట్టినావు కదా."

"పైభాగానికి కాదు."

"మరి?"

ఆమె కత్తెర తీసుకుని మళ్ళీ పెట్టేసింది.

"నలభై ఒకటో డిస్కులో అతుకు ఉండాది చూడండి" అంది మెల్లగా. "పట్టీ అయిపోయి కొత్త పట్టీ అతికించినారే, అది."

వెంకటేశప్పకు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం సరి కాదు. ఆ సంగతి ఎన్నడూ మరుపున పడలేదు, జ్ఞాపకానికీ రాలేదు. మధ్యలో ఎక్కడో నిలబడి ఉండింది. అమావాస్య ముందురోజు సాయంత్రం నలభై ఒకటో డిస్కు మధ్యలో రాగి పట్టీ అయిపోయింది. కొత్త పట్టీని అతికించాలి. అతికించిన చోట వేడికి కరిగిన లోహం ముద్దగా, ముళ్ళుగా నిలుస్తుంది. దాన్ని ఆకురాయితో నున్నగా రుద్ది, అప్పుడు కాగితం చుట్టాలి. తొందర లేకుండా చేసే పని. ఎవరైనా ఆ పనిని మర్నాటికి వదిలేస్తారు. అతను వదల్లేదు. తెగిన పోగు అమావాస్యకు మగ్గం మీద ఉండకూడదు. అది చౌడమ్మ మాట. మగ్గానికి గుడ్డ కప్పే ముందు పోగులన్నీ కలిసి ఉన్నాయా అని ఆమె చేత్తో తడిమేది. అందుకని గబగబా అతికించి, నాలుగుసార్లు రుద్ది, కాగితం చుట్టి, అతుకు కనపడకుండా ఇంకో మూడు డిస్కులు దాని మీద చుట్టి ఇంటికి పోయాడు.

"సరిగా రుద్దలేదా?" అన్నాడు.

"ఒక ముల్లు ఉండింది. కాగితంలోంచి వేలికి గుచ్చుకునింది. నేను పైన చుట్టేదానికి ముందు కిందినుంచి అంతా తడిమి చూసినాను. మీరే నేర్పించినారు కదా, కొత్తగా చెయ్యి పెట్టేముందు పాతదాన్ని ఒకసారి తడుమమని."

ఆమె ఏం చేసిందో ముక్కలు ముక్కలుగా చెప్పింది. మేనేజరుకు చెప్తే వెంకటేశన్న పేరు పోతుంది. చెప్పకపోతే పిడుగు దెబ్బకు అక్కడే చిల్లు పడుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ లేచి పోయినప్పుడు, అతను చుట్టిన మూడు డిస్కులు విప్పింది. నలభై ఒకటిలో అతుకు దాకా పోయి, ముల్లును రుద్ది, కొత్త కాగితం చుట్టి, మళ్ళీ నాలుగు డిస్కులూ కట్టింది. ఒకసారి వంచిన రాగిని విప్పి మళ్ళీ వంచితే బలం తగ్గుతుందని విన్నది. తన భయం అంతా అదే.

"మీది బాగు చేస్తానని పోయి నేనే చెడగొట్టినానేమో అని" అంది.

వెంకటేశప్ప కాగితం చుట్ట మీద కూర్చున్నాడు. కూర్చోకూడదు దాని మీద. తనే ఎంతమందినో తిట్టాడు. ఆమె చూసింది.

చాలా విచిత్రమైన సంగతి ఏమంటే, అతనికి మొదట వచ్చింది సిగ్గు కాదు. నవ్వు. పొట్టలోంచి, ఉప్పిట్టు ఉన్న చోటినుంచి నెమ్మదిగా పైకి వచ్చింది. ఇన్ని రోజులు ఈమె చెయ్యి తప్పుతుందేమోనని ఒక వాక్యాన్ని నూరుకుంటూ కూర్చున్నాడు. ఈమె ఆ రోజులన్నీ తన తప్పును దిద్దిన చెయ్యి తప్పిందేమోనని భయపడుతూ కూర్చుంది. ఇద్దరూ ఒకే షెడ్డులో, ఇరవై అడుగుల దూరంలో. కాయిల్ మాత్రం ఎవరి భయాన్నీ పట్టించుకోకుండా పిడుగును మింగేసి ఊరుకుంది.

నవ్వు ఆగాక సిగ్గు వచ్చింది. అయితే అది అతను ఎదురుచూసినంత బరువుగా లేదు. తప్పు చేసినట్టు బయటపడితే మనిషి చిన్నవాడైపోతాడని అతను ఎప్పుడూ అనుకునేవాడు. ఇప్పుడు చిన్నవాడయ్యాడు కూడా. అయినా, చిన్నవాడైతే బట్టలు వదులవుతాయి కదా, అలా ఊపిరి ఆడింది.

"ఎందుకు జెప్పలేదు నాకు?"

"సంతకం పెట్టేసినారు కదన్నా. ఆమేలె, అంతా అయినాక జెప్పి ఏం? మీకు ఊరికే బేజారు." పెదవి ఒక పక్కకు తిప్పింది. "అదీ గాక అమావాస్య నాడు ముట్టింది. జెప్తే మీరు నన్నే అంటారు, అందుకే చెడింది అని."

అవును, అని ఉండేవాడు. అంతకంటే హీనమైనదే తయారుగా పెట్టుకున్నాడు. ఆ సంగతి ఈమెకు చెప్పాలా? నోరు తెరిచాడు. చెప్పడం వల్ల ఆమెకు ఏం మేలు? తన మనసు తేలికవుతుంది, ఆమెది బరువెక్కుతుంది. ఆ బరువు ఆమె మీద వెయ్యకపోవడం బహుశా తను చెయ్యగలిగిన మొదటి మంచిపని.

దానికి బదులు, భూటాన్ నుంచి వచ్చిన ఆయన నీ చేతిని కాగితం మీద చూసి కనిపెట్టినాడు అని చెప్పాడు. అక్కడికి ఒక మనిషి పోవాలని, నేతపని తెలిసిన ఆడపిల్లలకు నేర్పాలని, నాలుగు నెలలని చెప్పాడు. ఆమె వింటూ కాగితం అంచును గోటితో గీస్తోంది.

"మీరే పోవాల. పేరు మీదే కదా."

"నువ్వైతే పోతావా?"

"నన్ను ఎవురు అడిగినారన్నా?"

"అడిగితే?"

"వర్తూరు చెరువు దాటితే నాకు దిక్కు తెలీదు" అంది. కత్తెర చేతిలోకి తీసుకుంది. తరవాత తల ఎత్తకుండా, "అడిగినప్పుడు జెప్తా" అంది.

నాలుగు గంటలకు కొద్దిగా ముందు కరెంటు వచ్చింది. యంత్రాలు ఒకటొకటిగా గొంతు సవరించుకున్నాయి. శ్రీనివాసప్ప గది షాపు మీదికి కట్టిన చిన్న పై అంతస్తులో ఉంది. ఒకవైపు అంతా అద్దాల కిటికీ. అక్కణ్ణుంచి కింద ఎవరు పని చేస్తున్నారో, ఎవరు ముచ్చట్లు పెడుతున్నారో కనబడుతుంది. ఆ కిటికీ ఎప్పుడూ తెరవరు. తెరిస్తే చప్పుడుకు లోపల మాట వినపడదు.

బల్ల మీద కాగితాలు సర్ది ఉన్నాయి. ఉగ్యెన్ వాటిని ఒక్కొక్కటిగా చదివి సంతకం చేస్తున్నాడు. పరీక్ష నివేదిక. రవాణా కాగితం. చివర్న భూటాన్‌కు పోయే మనిషి గురించిన పత్రం. దానిలో పేరు ముందే టైపు కొట్టి ఉంది: బి. వెంకటేశప్ప, సీనియర్ వైండర్. ఫొటోకు చోటు వదిలారు. శ్రీనివాసప్ప దాన్ని అతని ముందుకు జరిపి, సంతకం చెయ్యి అప్పా, సార్ ట్రైను పట్టాల అన్నాడు.

ఉగ్యెన్ ఏమీ అడగలేదు. అడగడని వెంకటేశప్పకు తెలుసు. ఆయన తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. పెద్ద అంగడిలో చిన్న కొనుగోలుదారు కూర్చునే పద్ధతిలో, మర్యాదగా, తొందర లేకుండా.

సంతకం చేస్తే అంతా సజావుగా ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు. మునిలక్ష్మి కూడా మీరే పోవాల అంది. అక్కడి ఆడపిల్లలకు అతను నేర్పగలడు, బాగానే నేర్పుతాడు. వద్దనడానికి కారణం వెతికితే ఒక్కటే దొరికింది. ఆ లోయలో ఎప్పుడో ఒకరోజు, ఒక పిల్ల అతని పక్కన కూర్చుని, అతుకు ఎలా రుద్దాలి అని అడుగుతుంది. అప్పుడు అతను చూపించేది మునిలక్ష్మి చేతిని.

సంతకం చెయ్యకపోతే అరవై నాలుగు డిస్కుల సంతకం బయటికి వస్తుంది. శ్రీనివాసప్ప తప్పు బయటికి వస్తుంది. తన సర్టిఫికెట్ పోవచ్చు. ఉగ్యెన్ సరుకును వెనక్కి పంపినా పంపవచ్చు. ఆయన కళ్ళలో ఏముందో తెలియడం లేదు. ఇవన్నీ వరసగా కనబడ్డాయి. భయం మాత్రం ఎక్కడా కనబడలేదు. పొద్దున నాలుగో దెబ్బ తరవాత వచ్చిన ఆ నిశ్శబ్దమే ఇంకా లోపల ఉంది, దానిలో నడవడానికి కావలసినంత చోటు ఉంది.

"ఈ పేరు కాదు సార్" అన్నాడు.

శ్రీనివాసప్ప నవ్వబోయి ఆగాడు. "ఏమప్పా, మళ్ళీ జ్వరమా?"

"లేదు సార్. జ్వరం తగ్గింది."

అతను కుర్చీలోంచి లేచాడు. శ్రీనివాసప్ప కూడా సగం లేచి, వెంకటేశప్పా, కూర్చో, తరవాత మాట్లాడుదాం అని తెలుగులో గొంతు తగ్గించి అన్నాడు. ఉగ్యెన్ తల ఎత్తి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కలం మూత పెట్టి కాగితం మీద ఉంచాడు.

కిటికీ చిలుము పట్టి ఉంది. రెండుసార్లు గుంజితే గాని అద్దం పక్కకు జరగలేదు. జరిగిన వెంటనే షాపు చప్పుడంతా గదిలోకి వచ్చి పడింది. కింద అందరూ తలెత్తి చూశారు. కాగితం సెక్షన్ వాకిట్లో మునిలక్ష్మి కూడా చూసింది.

వెంకటేశప్ప చెయ్యి బయటికి చాచి, ఆమెను పైకి రమ్మని పిలిచాడు.